మేనత్త పోలిక

భవానీపురం,
నవంబరు 16.

మా ఇంటికి పెద్ద దిక్కు, పరమ భక్తురాలు అయిన అమలత్తయ్యకు,

మీ మేనకోడలు కృప నమస్కరించి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. వాట్సాప్‌లో రాస్తే మరుక్షణం కుటుంబం గ్రూపులో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మలు మూడు తగిలిస్తారు. అందుకని కాగితం మీద రాసి పోస్టులో వేస్తున్నాను. దీన్ని గ్రూపులో పెట్టాలంటే ముందు మీరు కళ్లజోడు వెతుక్కోవాలి. అంత శ్రమ పడరని నా నమ్మకం.

పోయిన ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మీరు ఇబ్రహీంపట్నంలోనే మీ వీధి చివర ఉన్న ఫిలోమినా గారింటికి వెళ్లారట. వాళ్లబ్బాయి అంతోనికీ నాకూ క్రిస్మస్ తర్వాత ప్రధానం అనుకున్న సంగతి మీకు తెలియంది కాదు. ఆ సంబంధం తెచ్చిందే మీరు. ఆ తెచ్చిన నోటితోనే, వాళ్ల సోఫాలో కూర్చుని, వాళ్ల కాఫీ తాగుతూ, "పిల్ల మంచిదేనండీ, కాకపోతే నడినెత్తిన జుట్టు ఊడిపోతోంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి. రేపు మమ్మల్ని అనొద్దు, ఇప్పుడే ఆలోచించుకోండి" అన్నారట. వాళ్లు ఆలోచించుకున్నారు. మీ కాఫీ చల్లారేలోపే ఆలోచించుకుని ఉంటారు. మంగళవారం ఆవిడ నాన్నకి ఫోన్ చేసి, "మనకి రాసిపెట్టి లేదండీ శౌరయ్య గారూ" అని పెట్టేసింది. నాన్న ఫోన్ పక్కన పెట్టి తన బట్టతల తడుముకున్నారు.

అంతోని కూడా మీరన్నదంతా పూసగుచ్చి ఒక మెసేజ్ పంపాడు. "అమ్మ మాట కాదనలేను, సారీ" అట. పక్కన ఏడుస్తున్న బొమ్మ. థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ల ముందు నిలబడి ఉద్యోగం చేసే మనిషికి వాళ్లమ్మ ముందు నిలబడే ధైర్యం లేదు. అయినా ఒక మాట ఒప్పుకుంటాను. నాకు అతను నచ్చాడు. రెండు నెలలు రోజూ మాట్లాడుకున్నాం. ఈ విషయం తనకి నేనే చెప్పాలని, ఎలా చెప్పాలా అని మాటలు కూడబెట్టుకుంటున్నాను. నా నోటితో చెప్పుకోవాల్సిన మాట అది. దాన్ని మీరు బిస్కెట్లతో కలిపి నమిలేశారు.

మీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఇరవై మూడో ఏటి నుంచి, అంటే ఆరేళ్లుగా, నేను అమ్మ కంటే ముందు లేచి, బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, చిన్న పట్టకారుతో గడ్డం కింద ఒక్కొక్క వెంట్రుకా పీక్కుంటున్నాను. తర్వాత కనుబొమ్మల పెన్సిలుతో పాపిడి నల్లగా దిద్దుకుంటాను. వర్షం పడితే ఆఫీసుకి సెలవు పెట్టిన రోజులున్నాయి. స్కూటీ మీద తడిస్తే ఆ నలుపు నుదుటి మీదికి కారుతుందని భయం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. పీసీఓఎస్ అన్నారు. మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్లు ఆడవాళ్లలోనూ కాస్త ఉంటాయట. అండాశయాలు వాటిని మోతాదు మించి తయారు చేస్తున్నాయట. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అది వాటిని ఇంకా ఎగదోస్తుందట. చిత్రమేమిటంటే, గడ్డం మీద నూగుని మోటు వెంట్రుకగా మార్చే ఆ హార్మోనే నెత్తి మీద కుదుళ్లని సన్నం చేసి ఎండగడుతుందట. అందరికీ ఇలా కాదు. ఎవరి కుదుళ్లు ఆ హార్మోనుకి ఎంత లొంగుతాయన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదేనట. "అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఇంకెవరికైనా ఉందా?" అని అడిగి, పేర్లు రాసుకు రమ్మని ఒక కాగితం ఇచ్చారు.

అమ్మ వైపు ఎవరికీ లేదు. ఎనభై ఏళ్ల అమ్మమ్మ జడ ఇప్పటికీ నడుము దాటుతుంది. కాబట్టి మన వైపు ఎవరికుందో రాసి పంపండి. ఇంకో మాట. "ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి వచ్చి తలనీలాలిచ్చెయ్, మరియమాత తీసుకున్న జుట్టు ఒత్తుగా తిరిగిస్తుంది" అని అమ్మకి కబురు పెట్టారు. నేను ఇవ్వను. ఎన్ని గుండ్లు కొట్టించినా లోపలి కుదురు మారదని డాక్టరమ్మ చెప్పారు. మీరు ఏటా ఇస్తున్నారు కదా, మన ఇద్దరి వంతూ మీరే ఇచ్చేయండి.

ఇట్లు,
గడ్డం మేనకోడలు,
కృప.

*

ఇబ్రహీంపట్నం,
నవంబరు 24.

చిరంజీవి కృపకి అత్తయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి పెద్దవాళ్లని నిలదీసే తెలివి వచ్చిందన్నమాట. సంతోషం. మా వంశంలో ఎవ్వరికీ ఇలాంటి రోగం లేదు. మా అమ్మకి లేదు, నాకు లేదు. మీ అమ్మ వాళ్లనే ఇంకోసారి సరిగ్గా అడుగు. దాచిపెట్టి ఉంటారు.

ఫిలోమినా సంగతంటావా, నేను ఉన్న మాటే అన్నాను. ఉన్న మాట విని పారిపోయేవాళ్లు ఇప్పుడే పారిపోవడం మంచిది. నీకది అర్థమయ్యే వయసు కాదు.

ఫిబ్రవరి పదో తారీకున గుణదల రా. మంగలి దగ్గర నా పక్కనే కూర్చోబెడతాను. ఇరవై రెండేళ్లుగా ఇస్తున్నాను, నాకేం తక్కువైంది?

ఇట్లు,
అమలమ్మ.

*

భవానీపురం,
డిసెంబరు 4.

అత్తయ్యా,

ఈసారి బిరుదులు తగిలించడానికి చేయి రావడం లేదు.

నిన్న పునీత శౌరివారి పండుగ, ఆయన పేరే పెట్టుకున్న నాన్నకి పేరు పండుగ అని మీరు కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఎప్పట్లాగే తల మీద ముసుగు, దానికి రెండు పిన్నులు. అందరూ లేచి నిలబడ్డారు. పక్కింటి జెస్సికా ఆంటీ అయితే, "మీ మేనత్తగారు ఇంట్లో కూడా ముసుగు తియ్యరు, ఎంత భక్తో!" అంది. భోజనాలయ్యాక మీరు పెరట్లో కుళాయి దగ్గర వంగి మొహం కడుక్కుంటున్నారు. నేను తువ్వాలు తీసుకుని మీ వెనకే వచ్చాను. పిన్ను ఊడి ముసుగు జారింది. మీరు నన్ను చూడలేదు. నేను చూశాను.

గుండు కొట్టించి పది నెలలైంది. పక్కల జుట్టు చెవులు దాటి దిగింది. నడినెత్తిన మాత్రం మాడు కనిపిస్తోంది. నాకు ఎక్కడ మొదలైందో అక్కడే, అదే ఆకారంలో. మీరు మొహం తుడుచుకుంటుంటే గడ్డం మీద పౌడరు పోయి, కత్తిగాటు ఒకటి ఎర్రగా బయటపడింది. చిన్నప్పటి నుంచీ చుట్టాలంతా నన్ను చూసి "అచ్చం మేనత్త పోలిక" అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఆ మాట ఎంత నిజమో నిన్న కళ్లారా చూశాను.

ఏటా ఫిబ్రవరిలో గుండు. ఏడాదంతా ముసుగు. ఎవరూ అడగరు, అడగకపోగా దండం పెడతారు. ఎంత గొప్ప ఏర్పాటు! మాతకి మీరు ఇచ్చింది జుట్టు కాదు అత్తయ్యా, మీకు అక్కర్లేని పరువు తక్కువ. అది ఇచ్చి, బదులుగా ఊళ్లో పెద్దరికం తెచ్చుకున్నారు. అదైనా మీ ఇష్టం అనుకునేదాన్ని. కానీ మీ తలలో ఉన్నదే నా తలలో ఉందని తెలిసి, మా అమ్మ రక్తాన్ని తిట్టారే! పదిహేనేళ్లప్పుడు నాకు మొదటి వెంట్రుక వస్తే, "ఛీ, ఇదేం మగరాయుడే" అని అందరిలో నవ్వారే! అప్పుడు మీ పౌడరు కింద ఎన్ని ఉన్నాయి? నాకు మీ మీద కోపం కూడా రావడం లేదు. అసహ్యంగా ఉంది.

ఇదంతా నిన్న గ్రూపులో టైప్ చేశాను. పంపే ముందు, మీరు నాకు చేసింది సరిగ్గా ఇదే కదా అనిపించింది. చెరిపేశాను. నేను మీ పోలికే కావచ్చు, ఆ ఒక్కటీ నాకు వద్దు.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఇందులో పెడుతున్నాను. నింపి పంపితే పంపండి. లేకపోతే ఇదే నా చివరి ఉత్తరం.

కృప.

*

ఇబ్రహీంపట్నం,
డిసెంబరు 15.

అమ్మా కృపా,

వారం రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నువ్వు రాసిందంతా నిజమే.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు పెళ్లయింది. మూడు వారాలు కాపురం చేశాను. కాపురం నచ్చక దేవుడి సేవ చేసుకుంటానని వచ్చేశానని మావాళ్లు మీ అందరికీ చెప్పారు. మా నాన్న గడ్డం గీసుకునే కత్తి ఒకటి పెట్టెలో దాచుకుని తీసుకెళ్లాను. ఒక పొద్దున తలుపు గడియ సరిగ్గా పడలేదు. ఆయన తలుపు తోసి, నన్నూ, నా చేతిలో కత్తినీ చూసి, వాళ్లమ్మని పిలిచాడు. ఆవిడ ఆడబిడ్డల్ని పిలిచింది. వరసగా నిలబడి చూశారే నన్ను. సాయంత్రానికి బస్సెక్కించారు.

ఫిలోమినా ఎలాంటి మనిషో నాకు తెలుసు. నిన్నూ అలా వరసలో నిలబడి చూస్తారని భయపడి, ముందే చెప్పేశాను. నీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. నిజంగా మేలు చేసేదాన్నయితే ముందు నీ దగ్గరకొచ్చి నా ముసుగు తీసి ఉండేదాన్ని. అంత గుండె లేక, నిన్ను తీసుకెళ్లి వాళ్ల సోఫా మీద పరిచాను. ఇరవై రెండేళ్లు మాత ముందు మోకరించి నేను నేర్చుకున్నది ఇదీ. నీకంటే నాకే నా మీద ఎక్కువ అసహ్యంగా ఉంది.

మొన్న ఆదివారం పూజకి ముసుగు లేకుండా వెళ్లాను. నీ కోసమని చెప్పను, పిన్నులు గుచ్చుకుని విసుగెత్తిపోయింది. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. బయటికొచ్చాక ఫిలోమినా దగ్గరికొచ్చి, "అయ్యో వదినా, తల ఇలా ఉందేంటి!" అంది. "నా మేనకోడలికుందని చెప్పానే, అదే ఇది. మా వంశం సొత్తు" అన్నాను. "మరి మీవాడికి ముందుజుట్టు పల్చబడుతోంది, చూసుకున్నావా? వాడికి రేపు సంబంధాలొస్తే నేనొచ్చి చెప్పనా?" అన్నాను. దాని మొహం చూసి తీరాల్సిందే. పక్కనే అంతోని చెయ్యి తల మీదికి పోయింది. ఆ చవటని నువ్వు మర్చిపోవే. ఆ సంబంధం తెచ్చినందుకు నన్ను క్షమించు, చెడగొట్టినందుకు మాత్రం అడగను.

ఫిబ్రవరిలో గుణదల వెళ్దాం. కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించి వచ్చేద్దాం. మంగళ్లున్న వైపు పోవద్దు.

నీ కాగితం నింపి ఇందులోనే పెట్టాను. మొదటి పేరు మా అమ్మది. ఆవిడ చచ్చేదాకా సవరం తియ్యలేదు. రెండోది నాది. మూడోది మీ నాన్నది. వాడికి ముప్పై రాకుండానే నెత్తి మీద మెరుపు వచ్చింది. పెళ్లిచూపుల్లో మీ అమ్మ వాళ్లు చూశారు. ఎవరూ లెక్క చేయలేదు, ఎవరూ బస్సెక్కించలేదు. ఆ రోజు మీ అమ్మమ్మ ఏమందో నాకు బాగా గుర్తు, నేను అక్కడే ఉన్నాను. "బుద్ధిమంతుడి తల" అంది.

డాక్టరమ్మ దగ్గరికి ఈసారి నేనూ వస్తాను, రెండు పేర్లు రాయించు. అరవై దాటిన మనిషి ఇప్పుడెందుకొచ్చిందని ఆవిడ అడిగితే, నేనే చెప్పుకుంటాను.

నీ పోలికే అయిన,
అమలత్తయ్య.