కాలువ నీళ్ల సీసాలు

సింధనూరు

తమ్ముడు ధర్మతేజకు,

నువ్వు నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా, నెలనెలా రైస్‌మిల్లు దిగువన కాలువ నీళ్లు సీసాలో పట్టి నీకు పంపాను. "నీళ్లు బాగున్నాయక్కా, తాగండి" అనేవాడివి. ఆ మాటే మన క్యాంపు ఊళ్లో అందరికీ చెప్పాను.

మొన్న మీ ల్యాబులో పనిచేసే భావన వచ్చి అసలు ఫలితాలు చూపించింది. మిల్లు వదిలే మురుగు కలిసి, నాలుగో ఏడు నుంచే ఆ నీళ్లు తాగడానికి పనికిరావట. నీకు ఫోన్ చేస్తే, "మిల్లు మూసేస్తే బావ ఉద్యోగం పోతుందని చెప్పలేదక్కా" అన్నావు. అది విని మీ బావ మర్నాడే మిల్లులో పని మానేశారు.

ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి తాగొద్దని చెబుతున్నాను. "ఇన్నాళ్లూ తాగమన్నది నువ్వే కదమ్మా" అన్నారు పక్కింటి రంగయ్య బాబాయి. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. నువ్వే వచ్చి చెప్పు.

మీ అక్క