ఎవరి పిల్లో చెప్పని పాట

బిష్కెక్,
బుధవారం.

చిరంజీవి అక్‌మారల్‌ను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నీ తమ్ముడూ కులాసా. బాకూలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నువ్వు మాట సగంలో ఫోన్ పెట్టేస్తావు, నా కోపం సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు నయం. మీ నాన్న ఎండబెట్టిన ఆప్రికాట్లు పంపుతున్నారు, అన్నీ స్నేహితులకే పంచెయ్యకు. ఇక మూడు ఉత్తరాల్లోనూ అడిగింది: "నా పాట రేడియోలో వేశావా?" వేశాను. ఎలా వేశానో చదివాక తిట్టు.

ఇరవై రెండేళ్లుగా నా ప్రోగ్రాంలో కొత్త జాజ్ వాళ్లనైనా, ఒపేరా గొంతులనైనా, వయొలిన్ పిల్లలనైనా ఎవరి బిడ్డో, ఏ లోయవాళ్లో, ఎవరి దగ్గర నేర్చారో చెప్పకుండా నేను పాట పెట్టలేదు. మనిషి తెలిస్తేగాని మనవాళ్లకి పాట చెవికెక్కదు. మా రేడియోకి వచ్చిన కొత్త డైరెక్టర్ ఎమిల్‌బెక్ ఏమన్నాడో తెలుసా? "సొంత కూతుర్ని పొగిడితే జనం నవ్వుతారక్కా. వేసుకో, కానీ నీ పిల్ల అని మాత్రం చెప్పకు." అతగాడి బావమరిది పియానో ఈ నెలలో మూడుసార్లు మోగింది, వాళ్ల తాత గుర్రాల ముచ్చట్లతో సహా! సిగ్గులేని మనిషి.

పోయిన గురువారం "బాకూలో పాడుతున్న కొత్త గొంతు, అక్‌మారల్" అని ఊరుకున్నాను. పాట అవగానే అత్‌బాషీ ఊరి నుంచి ఒక ముసలాయన ప్రోగ్రాంలోకే ఫోన్ చేశాడు.

"బాగా పాడిందమ్మా. ఎవరి పిల్ల?"

స్టూడియో అద్దం అవతల ఎమిల్‌బెక్ వద్దని వేలు ఊపుతున్నాడు.

"తెలియదు తాతా."

"నీకు తెలియకపోవడమేంటి? పాపం, నా అనేవాళ్లు లేని పిల్లా?"

నేను తర్వాతి పాట పెట్టేశాను. అవును, దేశమంతా వింటుండగా నా నోటితో నేనే అన్నాను, నువ్వెవరో తెలియదని. వారం నుంచి ఇది నీకు చెప్పలేక చస్తున్నాను. మీ నాన్న ఇంట్లో విన్నారు. నేను వచ్చేసరికి ఒక్కమాట అనకుండా నాకు టీ పోశారు, గిన్నె నిండా. ఉండమనే చుట్టాలకు సగమే పోస్తాం కదా, ఇది తాగి వెళ్లిపొమ్మన్నట్టు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నాకలా పొయ్యలేదు. ఎమిల్‌బెక్ మీద మండుతోంది. నా మీద నాకు అంతకంటే మండుతోంది. ఉద్యోగం పోతుందని భయపడ్డానే, అంతే!

రేపు గురువారం. మళ్లీ నీ పాటే పెడతాను. ముందు నీ ఏడు తరాల తండ్రుల పేర్లు చదువుతాను. మీ నాన్నే రాసిచ్చారు. ఆ వరుసలో ఆడవాళ్ల పేర్లుండవు. ఉండకపోతే పోనీ, చివర నా పేరు చెబుతాను. ఈ పిల్లను కన్నది నేను, తెలియదని అబద్ధమాడిందీ నేనే అంటాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి నా ప్రోగ్రాం ఉండకపోవచ్చు. ఉండకపోనీ. నువ్వు మాత్రం ఎవరి పిల్లవని ఎవరైనా అడిగితే, నీకిష్టమైతేనే, నా పేరు చెప్పు.

ఇట్లు,
నీ అమ్మ
బూరుల్‌కాన్