దర్జీ అక్కను తీసేసినవాడి వీలునామా

లిఫ్టులు బాగుచేసే నేను, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, రేపటి ఆపరేషన్‌కు ముందు ఈ వీలునామా రాస్తున్నాను. నా క్యాన్సర్ పేగులోది, తలలోది కాదు. కాబట్టి పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నానని వారసులు నమ్మాలి. మా బావ నమ్మడు. ఆయన్ని నమ్మించడం ఈ పత్రం పని కాదు.

1. దీన్ని అమలు చేయాల్సింది బుధవారం మేడం. క్యాన్సర్ ఉన్న పన్నెండుమందిమి ప్రతి బుధవారం ఫోనుల్లో కలుసుకుంటే, మా మనసుల సంగతి వినే కౌన్సిలర్ ఆవిడ. మొదటిరోజే నేను, "ఓదార్పు మత్తుమందు! మందుల ధరల మీద పోరాటమే అసలు మందు!" అని ఒక కరపత్రం మొత్తం చదివి వినిపించాను. అంతా విని, "సరే బాబూ, నిద్ర పడుతోందా?" అన్నారు. పట్టడం లేదు. ఎలా కనిపెట్టారన్న కోపం ఇంకా ఉంది.

2. అమ్మకు, తను అల్లిన ఊలు టోపీ. జుట్టు రాలాక తెచ్చి ఇస్తే, "నా మీద జాలి చూపించొద్దు" అని విసిరికొట్టాను. అది లేకుండా ఒక్కరోజు కూడా పడుకోలేదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఉతికి పెట్టాను.

3. "నీ విప్లవం ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపేరా" అన్న బావకు, నా కరపత్రాల అట్టపెట్టె. చదవకపోయినా సరే, కుంటిబల్ల కింద మాత్రం పెట్టకూడదు. అర్థం కాకపోతే తన భార్యను, అంటే మా సొంత అక్కను అడగవచ్చు.

4. ఇది ఆస్తి కాదు, నేరం. మా గుంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా సెలైన్‌లో మందు ఎక్కుతున్నంతసేపూ ఇంకొకరు వీడియో తెరిచి తోడుంటారు. మాట్లాడక్కర్లేదు. నా ఆరు విడతలకూ తోడున్నది దర్జీ అక్క. కుట్టుమిషను తొక్కుతూ, మధ్యమధ్య తలెత్తి, "ఉన్నావా?" అనేది. అంతే. తర్వాత గుంపు నడిపే బాధ్యత నాకిచ్చారు. ఒకరోజు నేను ధైర్యం మీద ఉపన్యాసం దంచుతుంటే, అక్క "భయంగా ఉంది తమ్ముడూ" అని రాసింది. "భయం పంచేవాళ్ళకు ఇక్కడ చోటు లేదు" అని రాసి ఆమెను గుంపులోంచి తీసేశాను. మిగతా పదిమందీ కిక్కురుమనలేదు. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. మేడం అడిగితే, "తనే వెళ్ళిపోయింది" అని అబద్ధమాడాను.

మూడు వారాలైంది. ఈలోగా అక్క రెండు విడతల మందు మానేసిందని నిన్న మేడం చెప్పారు. "ఆ మందెక్కించే కుర్చీలో ఒక్కదాన్నే కూర్చోలేను" అందట. ఆమెకు తోడుండాల్సిన వంతు నాది.

5. నేను పోయాక నాలుగో అంశాన్ని మేడం గుంపులో అందరి ముందూ చదవాలి. గుంపు నడిపే బాధ్యత దర్జీ అక్కకు ఇవ్వాలి. (కొట్టివేయబడింది.)

6. అయిదో అంశాన్ని నా చేత్తో నేనే కొట్టేశాను. వీలునామా మనిషి పోయాకే అమలవుతుంది. అంటే నా క్షమాపణ కోసం అక్క నా చావుదాకా ఆగాలి. నేను బతికితే అసలు చెప్పకుండానే తప్పించుకోవచ్చు. ఇంత పిరికి ఏర్పాటు చేసింది, ఊరందరికీ ధైర్యం బోధించిన నేనే. మేడంకు ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పాను. ఈ కాగితాలు పట్టుకుని అక్క కొట్టుకు వెళ్తున్నాను. తిడితే నిలబడి వింటాను. సంతకం అక్కడే పెడతాను.

తేదీ: 12 జూన్ 2025, గురువారం

సంతకం: లిఫ్టుల తమ్ముడు

సాక్షులు:

1. పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే పెద్దాయన. (లోపల ఏముందో చదవలేదు. అబ్బాయి సంతకం పెడుతుండగా చూశాను.)

2. దర్జీ అక్క. (మొత్తం చదివాను. తిట్టాల్సింది తిట్టాను. గుంపులోకి వస్తానని అనుకోకు. సోమవారం పదింటికి నాకు సెలైన్ పెడతారు. బతికుంటే ఫోనెత్తు.)