పసుపు అద్దం

డార్జిలింగ్,
మార్చి 9, 1961

యాంగ్జీ వదినకు, మరిది ఛోతారే నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, నీ తోటికోడలూ, పిల్లా కులాసా. అక్కడ నువ్వూ, ఉర్కెన్ అన్నా ఒంట్లో బాగున్నారని తలుస్తాను.

నువ్వు పంపిన ఎండు జున్ను అందింది. పిల్ల బుగ్గన పెట్టుకుని తిరుగుతోంది. స్టూడియోలో పని ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. వచ్చినవాళ్లంతా అద్దాల కిటికీలో పెట్టిన జన్ను శిఖరం ఫొటో దగ్గరే ఆగుతారు. "ఆకాశం ఇంత నల్లగా ఉందేమిటి, రాత్రి తీశారా?" అంటారు. పట్టపగలే తీశానంటే నమ్మరు.

అన్న చూపు మందగిస్తోందని చదివాక రెండు రోజులు కలం పట్టలేకపోయాను. కళ్లు పోగొట్టే మంచు ఎండలో రంగు కళ్లజోడు లేకుండా ఎంతసేపు తిరిగావని డాక్టరు అడిగితే, "గుర్తులేదు, జోడు మంచు పగులులో పడిపోయింది" అన్నాడని రాశావు. అది నిజమేనా అని నన్ను అడిగావు.

నిజం కాదు వదినా.

తెల్లటి కొండ వెనక ఆకాశం కూడా ఫొటోలో తెల్లగానే పడుతుంది. కెమెరాకు పసుపు అద్దం అడ్డం పెడితేనే ఆకాశం నల్లబడి కొండ తేలుతుంది. తొమ్మిదేళ్ల కిందట జన్ను దగ్గరికి వెళ్లినప్పుడు నా పసుపు అద్దం దారిలోనే పగిలింది. అన్న కళ్లజోడు అద్దాలు ఆ రంగువే. ఇమ్మని అడిగాను.

"ఎంతసేపురా?"

"ఒక్క ఫొటో, అంతే."

"మీ వదినకు చెప్పకు. తిట్టి చంపుతుంది," అని నవ్వుతూ తీసి ఇచ్చాడు.

ఫ్రేము విరిచి అద్దం ఊడదీశాను. శిఖరం మీద మబ్బు కదల్లేదు. గాలికి ఊగకుండా కెమెరా కాళ్లు పట్టుకుని అన్న ఆ మంచులోనే నిలబడ్డాడు. కళ్లు మండుతున్నాయని రెండుసార్లు అన్నాడు. "ఇంకొక్క నిమిషం" అన్నాను. మబ్బు విడేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రం చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. మూడు రోజులకు చూపు వచ్చింది గానీ, మునుపటి చూపు కాదు.

నాకూ ఒక కళ్లజోడు ఉంది వదినా. ముదురు ఆకుపచ్చది, కెమెరాకు పనికిరాదు. అన్నకు ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. కెమెరాలోకి చూసినప్పుడు తప్ప, ఆ రోజంతా అది నా కళ్ల మీదే ఉంది.

డాక్టరుకు ఈ మాట చెప్పు: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్న కళ్లకు ఏ అడ్డమూ లేదు. దారుల మీద మంచు తగ్గగానే వచ్చి, అన్నను ఇక్కడి కళ్ల ఆసుపత్రికి తీసుకొస్తాను. నువ్వు గుమ్మం తొక్కనిస్తేనే.

నిరుడు లోసర్ పండక్కి వచ్చినప్పుడు, తప్పిపోయిన జడలబర్రె దొరక్క అన్న ఉత్తచేతులతో ఇంటికొచ్చాడు. "సొంత కళ్లజోడే పారేసుకున్న మనిషి మందనేం కాస్తాడు" అని నా ముందే దెప్పావు. అన్న నావైపు చూడను కూడా చూడలేదు. నా గిన్నె ఖాళీ అయిందని ఇంకాస్త టీ పోశాడు.

నేను తాగాను.

ఇట్లు,
నీ తిట్లు తినవలసిన మరిది,
ఛోతారే