బొట్లు పెట్టిన క్రికెట్ కార్డులు

బాపూ,

ఫోన్ చేస్తే “అమ్మెయ్ బిడ్డా” అని వెంటనే పెట్టేస్తున్నావు. చెల్లె గట్టిగా చదివితే అమ్మకూ వినబడాలని ఈ పోస్టుకార్డు రాస్తున్నాను. నేను క్షేమం.

నువ్వు చిన్నప్పుడు దాచుకున్న బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు, నా ల్యాప్‌టాప్ కోసం అమ్మమని పంపావు కదా. వాటిని నిన్న తార్నాకలో పాత కార్డులు కొని అమ్మే పేరయ్యగారికి చూపించాను. ఆయన నవ్వారు.

“ఇదేంటమ్మా, ఫాస్ట్ బౌలర్లకి కూడా పసుపు బొట్లు పెట్టారు!”

“మా ఇంట్ల పుస్తకాలు లేకుండె సార్. దసరాకు సరస్వతమ్మ ముందట అమ్మ గివే పెట్టి మొక్కేది.”

“నాకు ముచ్చటగానే ఉంది తల్లీ. కానీ కొనేవాళ్లు మరకంటారు.”

బొట్లు లేనివాటికి మంచి ధర ఇస్తారట, ఉన్నవాటికి చిత్తు కాగితాల ధర. ఆ ధరకు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఉన్నవి ఇవ్వకపోతే ల్యాప్‌టాప్‌కు కొంచెం తగ్గుతుంది. ఫరవాలేదు, లైబ్రరీలో కంప్యూటర్లున్నాయి.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లెను బడి మాన్పించొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే కారప్పొడి పంపండి.

బొట్లు పెట్టింది అమ్మ. ఆ కార్డులు అమ్మాలో, ఇంటికి తేవాలో ఆమెనే అడిగి, పేరయ్యగారు ఆగుతానన్న ఇరవయ్యో తేదీలోగా చెల్లెతో జవాబు రాయించు.

నీ బిడ్డ,
పూర్ణిమ