బంధువుల గడి

అయ్యా,

వాతావరణ పరిశోధన కార్యక్రమానికి స్వతంత్ర నిపుణురాలిగా సలహాలివ్వమని మీరు పంపిన ఫారం అందింది. అందులో 'స్వతంత్ర' అన్న మాట అయిదు చోట్ల ఉంది. ఒక్క గడి గురించి మాత్రం విడిగా చెప్పుకోవాలి.

ఈ సలహాల వల్ల లాభమో నష్టమో కలిగే బంధువులున్నారా అని అడిగారు. పన్నెండేళ్ల కిందట సముద్రపు అడ్డుగోడ గురించి వేసిన కమిటీ కూడా నన్ను ఇదే అడిగింది. అప్పుడు మా అక్క ఇల్లు ఆ గోడ వెనక వీధిలోనే ఉండేది. చెబితే నన్ను తీసుకోరని 'లేరు' అని రాశాను. గోడ ఎత్తు వెంటనే పెంచాలని వాదిస్తే ఎవరైనా ఆరా తీస్తారని భయపడి, పదేళ్లు ఆగవచ్చన్న నివేదిక మీద సంతకం పెట్టాను.

మనసొప్పక ఇల్లు మారమంటే అక్క నవ్వింది. "నీ సంతకం ఉందిగా, ఇంకెందుకే భయం?" అంది.

నాలుగో ఏడు నీళ్లు గోడ దాటాయి. అక్కా బావా ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఇప్పటికీ నేను కలం తీస్తే చాలు, ఆ మాట నా భుజం పక్కనే వినిపిస్తుంది. అందుకే మీ ఫారంలో సంతకం చోటు ఖాళీగా ఉంది. నన్ను తీసుకోవాలో వద్దో మీరే తేల్చండి.

బంధువుల గడిలో మళ్లీ 'లేరు' అనే రాశాను. ఈసారి అది నిజం.