ఎంతమందికి గంతే పొయ్యి

కంఠేశ్వర్, నిజామాబాద్
14-10-2008

వదినకు నమస్కారం.

మా అమ్మాయి జమునకు ఉద్యోగం వచ్చింది. చిన్న చిన్న అణు రియాక్టర్లు తయారుచేయాలని ఇప్పుడు దేశదేశాల కంపెనీలు పోటీపడుతున్నాయి. వాటిలో ఒకదానిలో. రెండుసార్లు కాదన్నవాళ్లే.

ఈసారి ఇంటర్వ్యూలో, "పెద్దవి ఉండగా చిన్నవి ఎందుకు?" అని అడిగారట. జమున మీ చెల్లెలు గంగు మాటే చెప్పింది. "నలుగురికి వండనీకి పెండ్లి గాడిపొయ్యి తవ్వుతరా? ఎంతమందికి గంతే పొయ్యి!"

ఇది ఏ ప్రొఫెసర్ మాట అన్నారట. "మా అవ్వ మాట. ఎడపల్లి" అన్నది.

గంగు పోయిన నాటి నుంచి నేను గ్లాసెడు బియ్యమే వండుకుంటున్నాను. ఈ ఆదివారం మాత్రం వాకిట్లో గాడిపొయ్యి తవ్విస్తున్నాను. ఎడపల్లి వాళ్లందరినీ వెంటబెట్టుకొని రండి.

మీ మరిది